‘నా ఇల్లు, నా ఇష్టం’ చెల్లదు

“నా ఇల్లు, నా ఇష్టం. ఎవరికివ్వాలో చెప్పడానికి మీరెవరు?” కిరాయి ఇళ్ల గురించి ఎక్కడ మాట మొదలైనా చివరికి ఇక్కడికొచ్చి ఆగుతుంది. ఇల్లున్నవాళ్లు ఈ మాట అంటే అర్థం చేసుకోవచ్చు. ఇల్లు లేనివాళ్లు, నిన్నటిదాకా గది కోసం కాళ్లరిగేలా తిరిగినవాళ్లు కూడా అదే అంటారు. “వాళ్లిల్లు, వాళ్లిష్టం. మనమేం చేస్తాం?” దెబ్బ తిన్నవాడే అది న్యాయమని ఒప్పుకున్నాక ఇక ఆ మాటను నిలదీసేవాళ్లు ఉండరు. అందుకే ఇంత కాలంగా అది సాగిపోతోంది. ఈ మాట తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆస్తి హక్కు పేరుతో పుట్టుకను బట్టి మనుషులను జల్లెడ పడుతున్నాం. ఆ జల్లెడకు మొదట చిక్కేది, ఊరు విడిచి మొదటిసారి తన కాళ్లమీద నిలబడదామని వచ్చిన ఇరవై రెండేళ్ల పిల్లలు.

ముందు గీత ఎక్కడుందో చెబుతాను. తానుంటున్న ఇంట్లోనే ఒక గది అద్దెకిచ్చి, వంటిల్లూ స్నానాలగదీ పంచుకునే పెద్దావిడ, ఎవరితో కలిసి బతకాలో తానే నిర్ణయించుకోవాలి. ఆ విషయంలో నాకు పేచీ లేదు. నేను మాట్లాడుతున్నది వేరే గుమ్మం, వేరే తాళం, వేరే కరెంటు మీటరు ఉన్న పోర్షన్ల గురించి. ఖాళీగా పడివున్న ఫ్లాట్ల గురించి, అద్దెల కోసమే లేపిన నాలుగంతస్తుల మేడల గురించి. గేటుకు టు-లెట్ బోర్డు తగిలించి, ఫోన్ నంబరు రాసి, దారినపోయే ప్రతివాడినీ పిలిచి, నెలనెలా డబ్బు పుచ్చుకునే పని వ్యాపారం. వ్యాపారంలో దిగినవాళ్లు ఎదుటివాడి జీతం అడగొచ్చు, నడత గురించి ఆరా తీయొచ్చు, ఎంతమంది ఉంటారో ముందే తేల్చుకోవచ్చు. ఏ ఇంట్లో పుట్టాడో, ఏ దేవుడికి మొక్కుతాడో, పెళ్లయిందో లేదో చూసి గేటు వెయ్యడం మాత్రం కుదరదు.

జూన్ వస్తే హైదరాబాద్‌లో గదుల వేట మొదలవుతుంది. చివరి పరీక్షలు అయిపోతాయి, ఆఫర్ లెటర్లు చేతికొస్తాయి, ఫలానా సోమవారం చేరమని మెయిల్ వస్తుంది. ఖమ్మం నుంచో కర్నూలు నుంచో శ్రీకాకుళం నుంచో ఒక బ్యాగుతో బస్సు దిగిన పిల్లలు రాత్రిళ్లు స్నేహితుడి హాస్టల్లో మంచం పంచుకుని, పగలంతా వీధులు పడి తిరుగుతారు. అమీర్‌పేట, ఎస్సార్‌నగర్, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్, ఎక్కడ చూసినా బోర్డులే. కరెంటు స్తంభాల మీద, గేట్ల మీద, మూసిన షాపుల షట్టర్ల మీద. ‘సింగిల్ బెడ్‌రూమ్, ఓన్లీ ఫ్యామిలీస్.’ ‘డబుల్ బెడ్‌రూమ్, ప్యూర్ వెజ్.’ కొన్నింటి మీద కులం పేరే రాసి ఉంటుంది. ఫోన్ చేస్తే ప్రశ్నలు వరసగా వస్తాయి. ఎంతమంది? ఏ కంపెనీ? ఎప్పుడు దిగుతారు? ఇంతవరకు ఎవరైనా అడగాల్సినవే. తర్వాత, పెళ్లయిందా? నాన్‌వెజ్ తింటారా? సొంతూరేది? ఇంటిపేరేమిటి? అప్పటికీ తేలకపోతే ఇక మొహమాటం వదిలేస్తారు. “మీరేమిట్లు?”

మా అన్న కొడుక్కి ఉద్యోగం వచ్చినప్పుడు వాడితో కలిసి మోతీనగర్ వైపు ఇళ్లు చూశాను. ఒక మేడ ముందు ‘ఓన్లీ ఫ్యామిలీస్’ బోర్డు ఉన్నా, అడిగి చూద్దామని గేటు కొట్టాం. ఇంటావిడ మొదటి అంతస్తు బాల్కనీలోంచే మాట్లాడింది.

“ఫ్యామిలీయేనా అండీ?”

“కాదండీ, మా అబ్బాయి, వాడి క్లాస్‌మేట్. ఇద్దరికీ ఉద్యోగాలే.”

“బ్యాచిలర్స్‌కి ఇవ్వట్లేదండీ. మా ఆయన అస్సలు ఒప్పుకోరు. కావాలంటే పైన పెంట్‌హౌస్ ఉంది, చూసుకోండి.”

పెంట్‌హౌస్ అంటే డాబా మీద కట్టిన ఒక గది, పైన రేకులు, పక్కనే నీళ్ల ట్యాంకు. మధ్యాహ్నం పూట ఆ గోడ మీద చెయ్యి పెడితే నిలవలేదు. కింది పోర్షన్‌కీ దానికీ అద్దెలో తేడా వెయ్యి రూపాయలే. మేం దిగి వస్తుంటే ఆవిడ మెట్ల దగ్గరకొచ్చి వాడి పేరు అడిగింది, ఇంటిపేరు అడిగింది, ఊరు అడిగింది. ఇంటిపేరు వినగానే ఆవిడ మొహం విప్పారింది. తమ దగ్గరి బంధువుల్లో ఆ ఇంటిపేరువాళ్లున్నారట. “ముందే చెప్పొద్దుటండీ! లోపలికి రండి, మంచినీళ్లు తాగండి. బాబు బుద్ధిమంతుడిలా ఉన్నాడు. మా ఆయనతో నేను మాట్లాడతాలెండి” అని కింది పోర్షన్ తాళం తీసింది. గది చూపించింది, మంజీరా నీళ్లు ఏ పూట వస్తాయో చెప్పింది, మోటారు స్విచ్ చూపించింది. అన్నీ అయ్యాక, “ఇంతకీ ఆ రెండో అబ్బాయి పేరేమిటి బాబూ?” అంది. మావాడు చెప్పాడు. అది ముస్లిం పేరు. ఆవిడ తాళం మళ్లీ వేసింది. “మా ఆయన బ్యాచిలర్స్‌కి ఒప్పుకోరండీ” అంది, మొదట బాల్కనీలోంచి అన్నంత మర్యాదగానే. మావాడు, “వద్దులే బాబాయ్, పోదాం పద” అన్నాడు.

ఆ పావుగంటలో బ్యాచిలర్ అన్న అభ్యంతరం ఒకసారి కరిగిపోయి మళ్లీ గడ్డకట్టింది. ఆ ఇద్దరు కుర్రాళ్లూ అంతసేపూ పెళ్లికానివాళ్లే. మారిందల్లా ఆవిడకు తెలిసిన వివరం. బ్యాచిలర్లు గోల చేస్తారన్నది నిజమైన భయమే అయివుంటే ఇంటిపేరు విన్నాక ఆ భయం పోకూడదు. పోయిందంటే ‘ఓన్లీ ఫ్యామిలీస్’ అన్న బోర్డు వెనక మరో బోర్డు ఉంది. దాన్ని గోడ మీద రాయరు, మెట్ల దగ్గర చదివి వినిపిస్తారు.

ఇక వాదనల సంగతి చూద్దాం. మొదటిది ఆస్తి హక్కు. ఇల్లు సొంతమైనా, ఆ ఇంట్లో ఏం చేసినా చెల్లుతుందని ఈ దేశంలో ఏనాడూ లేదు. ఎన్ని అంతస్తులు వెయ్యాలో మున్సిపాలిటీ చెబుతుంది, చుట్టూ ఎంత జాగా వదలాలో చెబుతుంది. ఇళ్ల మధ్య బాణసంచా గోదాం పెడతానంటే కుదరదు. ఇవన్నీ ఒప్పుకునే మనం, మనిషిని పుట్టుక చూసి తిప్పి పంపకూడదు అనగానే ఆస్తి హక్కు కూలిపోయినట్టు మాట్లాడతాం. పల్లెటూళ్లలో టీ హోటళ్లు గుర్తు తెచ్చుకోండి. దళితులకు వేరే గ్లాసు పెట్టి, తాగాక వాళ్లచేతే కడిగించుకున్న రెండు గ్లాసుల పద్ధతిని సమర్థించినవాళ్లు కూడా ఇదే అన్నారు. హోటలు నాది, గ్లాసు నాది, పాలూ పంచదారా నా డబ్బుతో కొన్నవి, నా ఇష్టం. ఆ వాదనను చట్టం తోసేసింది. ఈ రోజు ఏ పత్రికలోనూ ఏ పెద్దమనిషీ రెండు గ్లాసుల పద్ధతి యజమాని హక్కు అని రాయడు. టీ గ్లాసుకు వర్తించిన న్యాయం తలదాచుకునే గదికి ఎందుకు వర్తించదో నాకు ఎవరూ సూటిగా చెప్పలేదు.

ఈ దేశంలో గది దొరకని మనుషుల చరిత్ర రాస్తే అందులో అంబేడ్కర్ పేరు ముందుంటుంది. కొలంబియాలో, లండన్‌లో చదివి, ఆయన 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చారు. చదివించింది ఆ మహారాజే. ఊళ్లో ఉండటానికి చోటు దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో రోజుకు రూపాయిన్నర లెక్కన, పార్సీ పేరు రాయించుకుని దిగారు. పైఅంతస్తులో విరిగిన బల్లలూ కుర్చీలూ పడేసిన చీకటి హాలు అది. పదకొండో రోజు ఉదయం ఆఫీసుకు బయల్దేరుతుంటే కర్రలు పట్టుకుని కొందరు పార్సీలు వచ్చారు, సాయంత్రంకల్లా ఖాళీ చెయ్యమన్నారు. ఇద్దరు స్నేహితులను అడిగితే, ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు, ఇద్దరూ ఇంట్లో ఇబ్బందులు చెప్పుకున్నారు. పార్కులో కూర్చుని, రాత్రి బండికి బొంబాయి వెళ్లిపోయారు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఆయనే ఇదంతా రాసుకున్నారు. ఇందులో నన్ను ఎక్కువ బాధించేది కర్రలు పట్టుకొచ్చినవాళ్లు కాదు, ఆ ఇద్దరు స్నేహితులు. వాళ్లకు ఆయన మీద ద్వేషం లేదు. ఇంట్లో కుదరదన్నారు, అంతే. మోతీనగర్ మెట్ల దగ్గర విన్నదీ అదే.

ఆ అంబేడ్కరే 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో, ఇప్పుడు 15వ అధికరణగా ఉన్న ముసాయిదా మీద జవాబు చెప్పారు. దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల్లోకి మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అన్న కారణాలతో ఎవరినీ అడ్డుకోకూడదన్న నిబంధన అది. దుకాణమంటే ఏమేం వస్తాయని సభ్యులు అడిగారు. సరుకు అమ్మే కొట్టు ఒక్కటే కాదని, అడిగి వచ్చినవారికి సేవ అందించడానికి యజమాని సిద్ధంగా ఉన్న చోటల్లా దాని కిందికి వస్తుందని ఆయన వివరించారు. క్షౌరశాల, చాకలి దుకాణం కూడా వస్తాయన్నారు. 2011లో ఒక ప్రైవేటు వైద్య కళాశాల ప్రవేశాల కేసులో సుప్రీంకోర్టు ఆ చర్చను గుర్తుచేసి, ఆ నిబంధనను విశాలంగానే చదవాలని చెప్పింది. వచ్చి అడగండని బోర్డు కట్టిన ఇల్లు ఆ పరిధిలోకి రాదనడానికి నాకు కారణం కనిపించదు.

దళితుల విషయంలోనైతే వాదనే అక్కర్లేదు. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షను, అంటరానితనం కారణంగా ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోకుండా, సంపాదించుకోకుండా, అందులో ఉండకుండా అడ్డుపడటం నేరమని చెబుతోంది. అంటే దళితుడని తెలిసి ఇల్లు లేదనడం ‘ఇష్టం’ కిందికి రానే రాదు. ఏడు దశాబ్దాలుగా అది నేరం. మరి కేసులు ఎందుకు కనపడవు? ‘మీరు ఎస్సీలు కాబట్టి ఇవ్వం’ అని ఎవరూ అనరు కనక. “ఇప్పుడే అడ్వాన్సు తీసుకున్నామండీ” అంటారు. బోర్డు మరునాడూ అక్కడే వేలాడుతుంది. సుఖదేవ్ థోరట్, ఆయన సహచరులు ఢిల్లీ పరిసర నగరాల్లో ఈ పనిని పరీక్షించి చూశారు. అగ్రకుల, దళిత, ముస్లిం పేర్లతో అద్దె ఇళ్లు అడిగించారు. ఆ ఫలితాలు 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చాయి. ఒకే ఇల్లు అగ్రకుల పేరుకు తేలిగ్గా దొరికింది, దళిత పేరుకు తగ్గింది, ముస్లిం పేరుకు ఇంకా తగ్గింది. ఎదురుగా వెళ్లి అడిగినప్పుడు తిరస్కారాలు ఫోన్లో కంటే పెరిగాయి.

ఎదుటివారి చేతిలో ఒక బలమైన ఆయుధం ఉంది, దాన్ని దాచను. 2005లో జొరాస్ట్రియన్ కోఆపరేటివ్ హౌసింగ్ సొసైటీ కేసులో, పార్సీలకే సభ్యత్వమన్న గుజరాత్‌లోని ఒక సొసైటీ నిబంధన చెల్లుతుందని సుప్రీంకోర్టు అంది. ఆ తీర్పు నాకు నచ్చదు. అయినా అది చెప్పిందేమిటి? కొందరు కలిసి సంఘం పెట్టుకునే హక్కు గురించి చెప్పింది. మోతీనగర్ మేడ సంఘం కాదు. పైగా సంఘాల మాట ఎత్తితే ఇంటి యజమానుల వాదనే అడ్డం తిరుగుతుంది. ఈ నగరంలో ఎన్నో అపార్ట్‌మెంట్ల ఓనర్ల అసోసియేషన్లు బ్యాచిలర్స్‌కి ఫ్లాట్లు ఇవ్వకూడదని తీర్మానాలు చేసుకున్నాయి. ఇద్దరు నర్సులకో, నలుగురు ఉద్యోగం చేసే కుర్రాళ్లకో ఇస్తానని ఫ్లాటు యజమాని ముందుకొచ్చినా వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేస్తాడు, లిఫ్టులో సామాను ఎక్కనివ్వడు. ‘నా ఇల్లు, నా ఇష్టం’ అనేవాళ్లు అప్పుడు ఆ ఫ్లాటు యజమాని ఇష్టం కోసం నోరు విప్పరు. ఇవ్వననే హక్కుకు ఉన్న రక్షణ ఇస్తాననే హక్కుకు లేకపోతే, వాళ్లు కాపాడుతున్నది ఆస్తి హక్కును కాదు.

బ్యాచిలర్లు తాగుతారు, అరుస్తారు, గోడలు పాడుచేస్తారు, అద్దె ఎగ్గొట్టి పారిపోతారు అంటారు. చేసేవాళ్లు ఉంటారు. కుటుంబాల్లోనూ ఉంటారు. అర్ధరాత్రి భార్యను కొట్టే మగవాడి ఇంట్లోంచి కూడా అరుపులే వస్తాయి, అతన్ని ఖాళీ చెయ్యమనే ఓనరు అరుదు. గొడవ చేస్తే పంపించే షరతు ఒప్పందంలో రాసుకోవచ్చు. పాడుచేసినదానికి అడ్వాన్సు ఉండనే ఉంది. నిజానికి ఏమీ పాడుచెయ్యకపోయినా పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసుకుని మిగతాది చేతిలో పెట్టడం ఇక్కడ రివాజు. ఇంకొక సంగతి. నగరం బ్యాచిలర్లకు ఇల్లివ్వడం మానెయ్యలేదు. ఎక్కువ తీసుకుని తక్కువ ఇస్తోంది. ఫ్యామిలీకి ఇంత అని చెప్పిన పోర్షన్‌కే బ్యాచిలర్లయితే తలకింత అంటారు. రేకుల గదులు, సెల్లార్ పక్కన గాలి ఆడని గదులు, ఒక్కో గదిలో నాలుగు మంచాలేసిన హాస్టళ్లు, వీళ్లకు మిగిలినవి ఇవి. భయం ఉన్నచోట బేరం కుదరదు. బేరం కుదురుతున్నదంటే భయం పేరుతో ధర పెంచుతున్నారన్నమాట. తొంభైల తొలినాళ్లలో ‘చిత్రం భళారే విచిత్రం’లో ఇల్లు దొరకని కుర్రాళ్లలో నరేశ్ ఆడవేషం కట్టాల్సివస్తే తెలుగునాడంతా విరగబడి నవ్వింది. ఆ పిల్లలు ఎందుకు అబద్ధమాడాల్సి వచ్చిందన్న ప్రశ్న మాత్రం నవ్వుల్లో కొట్టుకుపోయింది.

ఆడపిల్లల విషయానికొస్తే మాట మరింత తియ్యగా ఉంటుంది. “ఒంటరి ఆడపిల్లవి, రేపు ఏదైనా జరిగితే మాకు మాట వస్తుందమ్మా.” జరగకుండా చూస్తాననరు, మాట రాకుండా చూసుకుంటారు. ఇచ్చినవాళ్లు రాత్రి తొమ్మిదికి గేటు తాళం వేస్తారు, తమ్ముడొచ్చినా మెట్ల కిందే మాట్లాడి పంపమంటారు, ఏ సమయానికి వచ్చిందో ఊళ్లో అమ్మానాన్నలకు ఫోన్ చేసి చెబుతారు. రాత్రి షిఫ్టు చేసే పిల్ల ఆఫీసుకు దగ్గర్లో ఇల్లు దొరక్క దూరంగా దిగుతుంది. అర్ధరాత్రి అంత దూరం ఒక్కతే ప్రయాణం చేస్తుంది. ఆమె క్షేమం కోసమే ఇల్లివ్వలేదన్నవాళ్ల వల్ల ఆమెకు ఒరిగింది ఆ ప్రయాణమే. విడాకులు తీసుకున్న స్త్రీకి, భర్త పోయి పిల్లలతో ఉన్న స్త్రీకి ఇల్లు ఎంత కష్టంగా దొరుకుతుందో ఈ నగరంలో ఉన్న ప్రతివాళ్లకూ తెలుసు. పిల్లలున్నా ఆమె ఇల్లు ‘ఫ్యామిలీ’ లెక్కలోకి రాదు.

మాంసం సంగతి. ఎవరు ఏం తినాలన్నది వాళ్ల ఇష్టం, నిజమే. ఆ ఇష్టం ఓనరుకు ఉన్నట్టే కిరాయికొచ్చినవాళ్లకూ ఉంది. 2014 నాటి శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ సర్వేలో తెలంగాణలో మాంసాహారులు 98 శాతానికి పైగా ఉన్నారని తేలింది, ఆంధ్రప్రదేశ్‌లోనూ దాదాపు అంతే. బోనాలకు కోడి కొయ్యని వీధి లేని నగరంలో ‘ప్యూర్ వెజ్’ అని బోర్డు పెడితే నూటికి తొంభై ఎనిమిది మందికి ఇల్లు లేదని రాసినట్టే. వేరే గుమ్మం, వేరే వంటిల్లు ఉన్న పోర్షన్‌లో వండిన కూర వాసన పైకి వస్తుందన్న ఇబ్బందిని నేను కొట్టిపారేయను. చిమ్నీ పెట్టించమనండి, కిటికీ మూసుకోమనండి, చెత్త బయట పడెయ్యొద్దని ఒప్పందంలో రాయించండి. కానీ ఆ ప్రశ్న ఎలా అడుగుతారో చూడండి. తింటానంటే, “ఏమేం తింటారు?” అని రెట్టిస్తారు. కోడి అంటే ఒక మాట, మేక అంటే ఒక మాట, మరొకటి అంటే గేటే పడుతుంది. కులం అడగడానికి సిగ్గుపడే ఇంట్లో ఆ పని కూర చేసిపెడుతోంది.

యజమానుల భయాల్లో ఒక్కటి మాత్రం నిజమైనది. దిగినవాళ్లు ఖాళీ చెయ్యకపోతే? రిటైరై, కింది పోర్షన్ అద్దెతో మందులు కొనుక్కునే దంపతులకు ఇది చిన్న భయం కాదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కింద ఏళ్లూ పూళ్లూ కోర్టుల చుట్టూ తిరిగిన కుటుంబాలు నాకూ తెలుసు. అయితే 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలు ఆ చట్టం కిందికి రావు. ఇవాళ హైదరాబాద్‌లో ఆ లోపు అద్దెకు ఇల్లెక్కడుంది? నెలవారీ అద్దెదారుకు ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 15 రోజుల నోటీసు చాలు. ఆ తర్వాత సివిల్ కోర్టులో ఆలస్యం జరుగుతుంది, నిజమే. దాన్ని సరిదిద్దాల్సిందే. కానీ ఖాళీ చెయ్యకుండా మొండికేసేవాడు ఎలాంటివాడో ఒక్కసారి ఆలోచించండి. స్థానికంగా పలుకుబడి ఉన్నవాడు, లాయరుకు డబ్బు పెట్టగలవాడు, స్టేషన్లో మనుషులున్నవాడు. నిన్న బస్సు దిగిన కుర్రాడికీ, నెల తిరిగేసరికి ఇంటికి డబ్బు పంపాల్సిన నర్సుకూ ఆ శక్తి ఎక్కడిది? కబ్జా భయం ఉన్నవాళ్లు జల్లెడను సరిగ్గా తలకిందులుగా పడుతున్నారు.

“మేం ఇవ్వకపోతే ఇంకొకరిస్తారు, ఊళ్లో ఇళ్లే లేవా?” అనేవాళ్లకు లెక్క చెబుతాను. 2011 జనగణనలో దేశంలోని పట్టణాల్లో కోటి పది లక్షల ఇళ్లు ఖాళీగా ఉన్నట్టు తేలింది. ఇళ్లకు కొదవ లేదు. ఒకరు కాదంటే ఇంకొకరిస్తారన్న నమ్మకం, ఆ ఇంకొకరు కూడా అదే అనుకున్నప్పుడు కూలిపోతుంది. అప్పుడు ముస్లిం కుటుంబం టోలిచౌకికో మెహదీపట్నానికో పాతబస్తీకో వెళ్లి అక్కడే వెతుక్కుంటుంది. కొన్నాళ్లకు ఈ ఇళ్లవాళ్లే, “వాళ్లంతా ఒక్కచోటే ఉంటారండీ, మనతో కలవరు” అంటారు. దళిత కుటుంబం మరో దారి పడుతుంది. కులం మార్చి చెబుతుంది. ఇక ఆ ఇంట్లో బతుకు కాపలా కాయడమే. అంబేడ్కర్ ఫోటో సూట్‌కేసులోంచి బయటికి రాదు. చర్చి ఇచ్చిన వాక్యాల క్యాలెండరు బీరువా తలుపు లోపలి వైపు అంటిస్తారు. ఊరినుంచి అమ్మానాన్నలు వస్తే, ఓనరమ్మతో ఎక్కువ మాట్లాడొద్దని పిల్లలే వాళ్లకు చెప్పుకోవాల్సివస్తుంది. నెలనెలా ఒకటో తారీఖున అద్దె కడుతూ, తన పేరును తానే దాచుకుంటూ బతికే మనిషికి ఊళ్లో ఇల్లు దొరికిందని ఎలా అనగలం?

ఈ మాటలు అమెరికాలో ఉన్న మనవాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే కొండాపూర్, గచ్చిబౌలి, నల్లగండ్ల ఫ్లాట్లు ఎన్నో వాళ్లవే. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మొదటి అపార్ట్‌మెంట్‌కు దరఖాస్తు పెట్టిన రోజున వాళ్ల రంగు, మతం, పుట్టిన దేశం చూసి కాదనడం అక్కడి యజమానికి కుదరలేదు. 1968 ఏప్రిల్‌లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, సంతకమైన ఫెయిర్ హౌసింగ్ చట్టం దాన్ని నిషేధించింది. తానుంటున్న చిన్న భవనంలో వాటా అద్దెకిచ్చే యజమానికి కొంత మినహాయింపు ఇచ్చింది కానీ, అలాంటివాళ్లు కూడా ఫలానావాళ్లు వద్దని ప్రకటన ఇవ్వకూడదంది. ఆ చట్టం నీడన స్థిరపడి, ఇక్కడి ఫ్లాటుకు మాత్రం ‘ప్యూర్ వెజ్, ఓన్లీ ఫ్యామిలీస్’ అని బ్రోకరుకు మెసేజ్ పెట్టేవాళ్లు, అక్కడ తమకు దక్కింది హక్కా, ఇంటాయన దయా అన్నది తేల్చుకోవాలి. హక్కే అయితే ఇక్కడి పిల్లలకూ అది హక్కే.

చట్టం మనసులను మారుస్తుందా అని అడుగుతారు. మార్చకపోయినా పరవాలేదు. బ్రిటన్‌లో నల్లవాళ్లకూ ఐరిష్‌వాళ్లకూ గదులు లేవన్న బోర్డులు కిటికీల్లో కనిపించిన కాలం ఒకటుంది. 1965 జాతి సంబంధాల చట్టం ఇళ్లను దాదాపుగా ముట్టుకోలేదు. 1968లో ముట్టుకుంది, ఇంటి విషయంలో వివక్షను నిషేధించింది. ద్వేషం అక్కడ ఇంకా ఉండవచ్చు. కిటికీలో బోర్డు పెట్టే ధైర్యం మాత్రం పోయింది.

మనకు 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఒక నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని, ఒప్పందం రాతలో ఉండాలని, లోపలికి రావాలంటే ఓనరు 24 గంటల ముందు చెప్పాలని అందులో ఉంది. గడువు దాటినా ఖాళీ చెయ్యనివాడు మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆ తర్వాత నాలుగింతలు కట్టాలని, తగాదాలకు ప్రత్యేక రెంట్ కోర్టులుండాలని కూడా ఉంది. యజమానుల నిజమైన భయానికి ఇంత గట్టి జవాబు ఇంతకుముందు లేదు. కులాన్ని, మతాన్ని, పెళ్లిని చూసి ఇల్లు లేదనకూడదన్న ఒక్క ముక్క మాత్రం ఆ నమూనాలో లేదు. రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభలూ ఆ ముక్కను తమ చట్టాల్లో చేర్చాలి. యజమాని తానుంటూ వంటిల్లు పంచుకునే ఇంటికి మినహాయింపు ఇవ్వండి, ప్రకటనకు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు అద్దెదారులను ఏరివేస్తూ చేసే తీర్మానాలు చెల్లవని రాయండి. ఇళ్లు వెతికే యాప్‌లు ‘ఫ్యామిలీ’, ‘బ్యాచిలర్’ అని ఓనరు చేత టిక్కు పెట్టించుకునే గడిని తీసెయ్యడానికి ఏ శాసనసభ కోసమూ ఆగనక్కర్లేదు, వచ్చే జూన్‌లోగా తీసెయ్యొచ్చు.